కోసిగి పేరు చివర ఒక ఖాళీ

కర్నూలు జిల్లా పడమటి భాగాన, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ, రైలుదారి మీద కోసిగి అనే ఊరున్నది. ఈ పేరును కాగితం మీద రాస్తే మూడక్షరాలు. అదే పేరును కంప్యూటరుకు అందిస్తే దాని దృష్టిలో అవి ఆరు సంఖ్యలు: 3093, 3147, 3128, 3135, 3095, 3135. మొదటిది క, రెండవది ఓత్వం, మూడవది స, నాలుగవది గుడి, అయిదవది గ, ఆరవది మళ్ళీ గుడి. పేరు కొట్టిన తరువాత అలవాటుకొద్దీ బొటనవ్రేలు పొడుగుమీట మీద పడితే ఈ వరుసకు ఏడవ సంఖ్య ఒకటి చేరుతుంది. అది 32. ఖాళీజాగాకు యంత్రంలో ఉన్న సంఖ్య అదే. తెర మీద చూచేవారికి రెండు పేర్లలో ఏ భేదమూ కనబడదు. "ఈ రెండూ ఒకటేనా?" అని యంత్రాన్ని అడిగితే మాత్రం కాదంటుంది. అందులో దాని దోషమేమీ లేదు. ఆరు సంఖ్యల వరుసా, ఏడు సంఖ్యల వరుసా ఒకటి ఎట్లా అవుతవి?

ఇది కేవలం వేడుకకు చెప్పుకొనే సంగతి కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతాల నుండి ఏటా ఎన్నో కుటుంబాలు పనులు వెదుక్కుంటూ గుంటూరు వైపు మిరపకోతలకూ, హైదరాబాదు, బెంగుళూరు నగరాలకూ వలస పోతవి. వారి వెంట బడిపిల్లలు కూడా పోతారు. ఒక పిల్లవాని పేరు ఊరిలోని బడిపట్టికలో ఒకరు ఎక్కిస్తారు, పోయిన చోట మరొకరు ఎక్కిస్తారు. తరువాత ఎప్పుడో ఈ రెండు పట్టికలనూ యంత్రం సరిపోల్చుతుంది. ఒకచోట పేరు చివర ఒక ఖాళీ మిగిలిపోయి, ఆ ఖాళీని పట్టుకొనే ఏర్పాటు లేకపోతే, ఒక్క పిల్లవాడు ఇద్దరవుతాడు. లేదా రెండవ పట్టికలో ఆ పేరే లేదని జవాబు వస్తుంది. తల్లిదండ్రులు చదువుకోనివారైతే తెర మీద సరిగానే కనబడుతున్న పేరును గురించి ఎవరితో ఏమని వాదించగలరు?

అందుచేత పేర్లను సరిపోల్చే ముందు వాని మొదటా చివరా ఉన్న ఖాళీలను కత్తిరించడం ప్రోగ్రాములు రాసేవారి ఆచారం. ఈ ఖాళీలు చేతి పొరపాటు వల్లనే రావాలని లేదు. వెనుకటి రోజుల్లో సమాచారాన్ని చిల్లుల కార్డుల మీద భద్రపరచేవారు. 1928 నుండి వాడుకలోకి వచ్చిన ఐబియం కార్డుకు 80 గడులు. అందులో ఊరిపేరుకు ఇరవై గడులు కేటాయిస్తే, పేరు చిన్నదైనప్పుడు మిగిలిన గడులు ఖాళీగానే ఉండేవి. కార్డులు పోయినవి గాని, నిర్ణీతమైన వెడల్పు గల గడులు నేటి సమాచార భాండారాలలో ఇంకా కొన్నిచోట్ల ఉన్నవి. ఆ ఖాళీలు ఒకచోటి నుండి మరొకచోటికి ప్రతి నకలుతోపాటు ప్రయాణం చేస్తూనే ఉంటవి.

కత్తిరింపుకు చాలామంది వాడే ఉపాయం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అక్షరాల వరుస ఏ రూపంలో ఉండాలో కొద్ది గుర్తులతో చెప్పే సూత్రానికి ఇది పేరు. ఈ భావన పుట్టినది కంప్యూటరు గదిలో కాదు. 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు నాడీకణాలకు గణిత నమూనా ఒకటి తయారుచేసినారు. అటువంటి నాడుల వల ఏయే సంఘటనల వరుసలను గుర్తించగలదన్న ప్రశ్నకు సమాధానం వెదుకుతూ అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో ఈ సూత్రాలను కల్పించినాడు. అది 1956లో అచ్చయినది. 1968లో కెన్ థామ్సన్ వానిని పాఠంలో మాటలు వెదికే పనికి వినియోగించి చూపినాడు.

ఇప్పుడు విమర్శకు గురికావలసిన సూత్రం ఇది:

^ఖ+|ఖ+$

ఇందులో 'ఖ' అన్నది ఖాళీజాతికి చెందిన ఏ గుర్తుకైనా ఇక్కడ పెట్టిన సంకేతం. అసలు సూత్రంలో ఆ స్థానంలో వెనక్కు వాలిన గీతా, దాని పక్కన ఎస్ అనే ఇంగ్లీషు అక్షరమూ ఉంటవి. ^ అంటే వరుస మొదలు, $ అంటే వరుస చివర. + అంటే ఒకటి గాని అంతకు మించి గాని. నిలువుగీతకు అర్థం 'లేదా'. "మొదట ఉన్న ఖాళీల గుంపు, లేదా చివర ఉన్న ఖాళీల గుంపు" అని మొత్తం సూత్రానికి భావం. దొరికిన గుంపు స్థానంలో ఏమీ పెట్టకపోతే కత్తిరింపు జరిగినట్లే.

సూత్రం అందమైనదే. ఏడెనిమిది గుర్తులలో ఇంత పని చెప్పడం, దానిని ఒకసారి చదివినవారికి మరపు రాకుండా ఉండడం దాని గొప్పలు. పాఠ్యపుస్తకాల్లోనూ, తొందరలో ఉన్న ప్రోగ్రామరుల నోట్సుల్లోనూ ఇది స్థిరపడిపోవడానికి కారణం అదే. గణితంలో పొట్టిసూత్రానికి ఉండే గౌరవం దీనికీ లభించినది. అయితే గణితసూత్రంలో ప్రతి గుర్తుకూ అర్థం ముందే నిర్ణయమై ఉంటుంది. ఇక్కడ 'ఖ' అనే ఒక్క గుర్తుకే ఒక్కొక్క భాషలో ఒక్కొక్క అర్థమున్నది. మొదటి ఆక్షేపణ అక్కడ బయలుదేరుతుంది.

లోకంలోని లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం 25 గుర్తులను ఖాళీజాతిగా లెక్కిస్తుంది. మామూలు ఖాళీ 32, టాబు 9, కొత్త పంక్తికి 10. పంక్తి చివర విరగకూడని ఖాళీ ఒకటున్నది, దాని సంఖ్య 160. ఇతర పత్రాల నుండి నకలు తీసిన పాఠంలో ఇది తరచుగా తగులుతుంది. పైథాన్, జావాస్క్రిప్ట్ భాషలలోని 'ఖ' 160ని పట్టుకొంటుంది. జావాలో ప్రత్యేకంగా కోరితే తప్ప పట్టుకొనదు. 2018లో జావాకు కొత్తగా చేర్చిన కత్తిరింపు ఆజ్ఞ కూడా 160ని వదిలిపెడుతుంది. ఎక్సెల్ పట్టికలలోని ట్రిమ్ అనే ఆజ్ఞకు తెలిసినది 32 ఒక్కటే. పైగా అది మాటల నడుమ రెండు మూడు ఖాళీలుంటే వానిని కూడా ఒకటిగా కుదిస్తుంది. ఆజ్ఞ పేరు ఒకటే, సూత్రం ఒకటే, ఫలితాలు వేరు. ఒక యంత్రంలో పరీక్షించి బాగున్నదని రాసిన సూత్రాన్ని మరొక భాషలోకి మార్చినప్పుడు ఎవరైనా మళ్ళీ పరీక్షిస్తున్నారా?

తెలుగువారికి దీనికంటే దగ్గరి చిక్కు ఒకటున్నది. తెలంగాణలో నారాయణపేట జిల్లాలో కోస్గి అనే మరొక ఊరున్నది. 'కోసిగి'కి ఆరు సంఖ్యలున్నట్లే 'కోస్గి'కీ ఆరే. మొదటి గుడి స్థానంలో పొల్లు (3149) వచ్చినది, అంతే. ఇట్లా రాస్తే స కింద గ ఒత్తుగా చేరి, గుడి పైనున్న స మీద పడుతుంది. ఒత్తు వద్దు, 'స్' పొల్లుగా నిలిచి 'గి' విడిగా రావాలి అనుకొన్నవారు 'కోస్‌గి' అని రాస్తారు. అందుకు పొల్లుకూ గకూ నడుమ 8204 అనే సంఖ్యను చొప్పించాలి. ఈ గుర్తును ఇంగ్లీషులో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. రెండు అక్షరాలను కలవనీయకుండా అడ్డుపడటమే దాని ఉద్యోగం. ఇక్కడ దానిని విడదీత గుర్తు అనవచ్చును. 'స్టేషన్‌లో', 'కుమార్‌కు' వంటి మాటలు అచ్చులో అలవాటైన రూపంలో కనబడటం దాని చలవే. అది లేకపోతే 'స్టేషన్లో' అయి ల కాస్తా న కింద ఒత్తవుతుంది.

ఈ విడదీత గుర్తు యూనికోడ్ చెప్పిన 25 ఖాళీలలో లేదు. అక్షరాల కూర్పును శాసించే గుర్తుల తరగతిలో ఉన్నది. కాబట్టి ఏ భాషలోనైనా సరే, 'ఖ' దానిని పట్టుకొనదు. ఇప్పుడు ఒకరు 'కుమార్‌కు' అని కొట్టి, అది పేరు రాయవలసిన గడి అని గుర్తుకు వచ్చి, 'కు'ను చెరిపివేసినారనుకొన్నచో కుకు చెందిన రెండు సంఖ్యలూ పోతవి. 8204 మాత్రం ర పొల్లు పక్కన నిలిచిపోతుంది. తెర మీద 'కుమార్' అని సలక్షణంగా కనబడుతుంది. కత్తిరింపు సూత్రాన్ని ఎన్నిసార్లు ప్రయోగించినా ఆ పేరు వేరొక పట్టికలోని కుమార్‌తో కలవదు. హుస్సేన్, ప్రసాద్, రహమాన్ మొదలైన పొల్లుతో ముగిసే పేర్లన్నిటికీ ఈ ప్రమాదమున్నది. ఇంగ్లీషు పాఠాన్ని మనసులో ఉంచుకొని తయారైన సూత్రం కనుక ఈ గుర్తు దాని లెక్కలోకి రాలేదు. దానిని తెలుగు పట్టికలకు అట్లాగే ఎత్తి వాడటం వాడినవారి తప్పు.

దీనికి విరుగుడుగా కొందరు పాఠంలో ఎక్కడున్నా సరే 8204ను తొలగించివేయమంటారు. ఇది తలనొప్పికి తల తీయించుకొనే వైద్యం. అంచున ఉన్న విడదీత గుర్తుకు పని లేదు, నడుమ ఉన్న దానికి పని ఉన్నది. నడుమ దానిని తీస్తే 'కోస్‌గి' కాస్తా 'కోస్గి' అవుతుంది. రైల్వేస్టేషను పేర్ల పట్టికలో ఇట్లా చేస్తే రాసినవారు ఉద్దేశించిన రూపం చెడుతుంది. మాటల నడుమ ఖాళీలన్నిటినీ ఊడ్చివేసే ప్రోగ్రాములకూ ఈ ఆక్షేపణే వర్తిస్తుంది. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ రాసినవారు కావాలనే విడిచినది.

మరి సూత్రంలోనే 'ఖ' పక్కన 8204ను కూడా చేర్చి, ఈ రెంటిలో ఏదైనా సరే అంచుల నుండి తీయమంటే? ఈ సవరణ సహేతుకంగా కనబడుతుంది. సరిగ్గా ఇట్టి సూత్రమే ఒక పెద్ద సంస్థలో వాడుకలో ఉండగా ఏమి జరిగినదో పరిశీలించవలసి ఉన్నది.

స్టాక్ ఓవర్‌ఫ్లో అనేది ప్రపంచమంతటి ప్రోగ్రామరులు ప్రశ్నలడిగి సమాధానాలు పొందే చోటు. 2016 జులై 20న అది 34 నిమిషాలపాటు స్తంభించినది. కారణాన్ని ఆ సంస్థవారే దాపరికం లేకుండా ప్రకటించినారు. వారి ప్రోగ్రాములో పంక్తుల అంచులు కత్తిరించే సూత్రం ఒకటున్నది. అందులో ఖాళీజాతి గుర్తుతోపాటు 8204 కూడా ఉన్నది. ఆనాడు ఎవరో పంపిన పాఠంలో ఒక పంక్తి నడుమ దాదాపు 20,000 ఖాళీలు వరుసగా ఉన్నవి. అవి పంక్తి చివర ఉంటే చిక్కు లేదు. వాని తరువాత ఖాళీ కాని గుర్తు ఉండటమే ముప్పు తెచ్చినది.

సూత్రాన్ని అమలు జరిపే యంత్రాంగం ఎట్లా నడుస్తుందో చూస్తే ఇది బోధపడుతుంది. అది మొదటి ఖాళీ దగ్గర నిలబడి 'ఖ+$'ను ప్రయత్నిస్తుంది. 20,000 ఖాళీలనూ దాటుతుంది. అక్కడ పంక్తి ముగియలేదు, వేరే అక్షరం ఎదురైనది. ప్రయత్నం విఫలం. అంతటితో ఊరుకోక రెండవ ఖాళీ దగ్గరకు వచ్చి మళ్ళీ మొదలుపెడుతుంది. 19,999 దాటుతుంది, మళ్ళీ అదే అక్షరం. తరువాత 19,998. ఇట్లా ఒకటి దాకా. ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన శ్రేఢి ఇది. 1 నుండి 20,000 వరకు గల సంఖ్యల మొత్తం 20,000 × 20,001 ÷ 2, అంటే 20,00,10,000. ఒక్క పంక్తి కోసం ఇరవై కోట్లకు పైగా పరీక్షలు! ఖాళీలు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. పది ఖాళీలున్నచోట 55 పరీక్షలే గనుక మామూలు రోజుల్లో ఈ లోపం ఎవరి కంటా పడలేదు. ఆ పాఠం ముంగిలి పేజీలో చేరడం వల్ల ఆ పేజీని తయారుచేసే యంత్రాలన్నీ ఈ లెక్కలో మునిగిపోయినవి. యంత్రాలు బాగున్నవా లేదా అని పరీక్షించే ఏర్పాటు కూడా ఆ పేజీనే అడుగుతుంది గనుక, జవాబు రాక యంత్రాలన్నీ చెడిపోయినవని తీర్మానించినది. పది నిమిషాలలో కారణం తెలిసినది, పద్నాలుగు నిమిషాలలో కొత్త ప్రోగ్రాము రాసినారు, దానిని అన్ని యంత్రాలకూ అందించడానికి ఇంకొక పది నిమిషాలు పట్టినది. ఆ సూత్రాన్ని తీసివేసి, పంక్తిలో కావలసిన ముక్కను నేరుగా కోసుకొనే మామూలు ఆజ్ఞను దాని స్థానంలో పెట్టినారు.

ఎమ్మిగనూరు నేతగాడు మగ్గం మీది నుండి దించిన బట్టకు కొసపోగులు ఎట్లా కత్తిరిస్తాడు? ఒక కొస పట్టుకొని పోగులు తీసివేస్తాడు, రెండవ కొస పట్టుకొని అక్కడివి తీసివేస్తాడు. రెండవ కొస ఎక్కడున్నదో తెలుసుకొనడానికి మొదటి అంగుళం నుండి బట్టనంతా తడుముకొంటూ రాడు. దారిలో పోగు వదులైనచోటల్లా ఇదే కొస కాబోలునని ఆగడు. సూత్రం చేస్తున్నది అదే. కంప్యూటరుకు వరుస పొడవు ముందే తెలుసు, చివరి సంఖ్యను నేరుగా చూడగలదు. అయినా ఈ సూత్రం దానిని ముందు నుండి మాత్రమే నడిపిస్తుంది.

థామ్సన్ 1968లో చూపిన పద్ధతిలో ఈ తిరుగుడు లేదు. ఎన్ని దారులు సాధ్యమో అన్నిటినీ ఒకేసారి వెంటబెట్టుకొని ఒక్కొక్క అక్షరాన్నీ ఒకేసారి చూస్తూ పోవడం ఆయన ఉపాయం. 20,000 ఖాళీలకు 20,000 అడుగులతో సరిపోతుంది. అయితే ముందు దొరికిన ముక్క మళ్ళీ రావాలని అడగడం వంటి అదనపు సౌకర్యాలు ఆ పద్ధతిలో ఇమడవు. వానికోసమని తరువాత వచ్చిన భాషలు చాలా వరకు వెనుదిరిగి ప్రయత్నించే పద్ధతికే మొగ్గినవి. సౌకర్యం కోసం చెల్లించిన మూల్యం 2016లో తెలిసివచ్చినది. కొందరు 'ఖ+'ను వెనుకంజ వేయని రకపు కూడికతో రాస్తే చాలునంటారు. చాలదు. అది ఒక ప్రయత్నం లోపలి వెనుకడుగులను ఆపుతుంది గాని, రెండవ ఖాళీ నుండి కొత్త ప్రయత్నం మొదలుకావడాన్ని ఆపలేదు. ఖాళీకి ముందు మరొక ఖాళీ ఉంటే అక్కడ మొదలుపెట్టవద్దని షరతు పెడితే రోగం కుదురుతుంది; అప్పుడు సూత్రం పొడవై, దాని మొదటి అందం పోతుంది.

చిన్న లోపాలు మరి రెండున్నవి. దొరికిన వానినన్నిటినీ మార్చమని విడిగా చెప్పకపోతే జావాస్క్రిప్ట్‌లో ఈ సూత్రం మొదటి గుంపును తీసి ఊరుకొంటుంది, చివరి ఖాళీ అట్లాగే ఉంటుంది. కొత్తగా నేర్చుకొనే విద్యార్థి తరచుగా చేసే పొరపాటిది. రెండవది: ప్రతి పంక్తికీ విడివిడిగా అంచులు కత్తిరించమని ఆదేశిస్తే, కొత్త పంక్తి గుర్తు కూడా 'ఖ'లో భాగమే గనుక, పద్యానికీ పద్యానికీ నడుమ విడిచిన ఖాళీ పంక్తులు కూడా మాయమవుతవి. శతకాన్ని యంత్రానికెక్కించినవారికి పద్యాలన్నీ ఒకదానినొకటి అంటుకొని దర్శనమిస్తవి.

సరైన పని ఏదంటే, ముందు ఏయే సంఖ్యలను అంచున పనికిరానివిగా భావిస్తున్నారో ఒక పట్టిక రాసుకొనడం. తెలుగు పేర్లకైతే యూనికోడ్ చెప్పిన 25తోపాటు వెడల్పు లేని ఖాళీ 8203, విడదీత గుర్తు 8204, కలిపే గుర్తు 8205, ఫైలు మొదట తగులుకొనే 65279 ఆ పట్టికలో ఉండాలి. తరువాత ముందు నుండి ఒక వేలు, వెనుక నుండి ఒక వేలు. పట్టికలో ఉన్న సంఖ్య తగిలినంతసేపు ముందరి వేలు ముందుకు, వెనుకటి వేలు వెనుకకు జరగాలి. లేని సంఖ్య తగలగానే ఆగాలి. రెండు వేళ్ళ నడుమ మిగిలినదే పేరు. నడుమ 20,000 ఖాళీలున్నా ఆ వేళ్ళు అక్కడికి పోనే పోవు. ప్రోగ్రాము అయిదారు పంక్తులవుతుంది. ఒక్క పంక్తి సూత్రంతో పోలిస్తే ఇది నాటుగా కనబడవచ్చును గాని, ఏది తీస్తున్నదో, ఏది ఉంచుతున్నదో తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా చదివి చెప్పగలడు.

కత్తిరింపు మీద లేనిపోని భారం వేయడం కూడా తగదు. కోసిగి, కోస్గి అనే రెండు ఊళ్ళ పేర్లనూ ఇంగ్లీషులో ఒకే విధంగా రాసినవారున్నారు. ఏ ఊరు ఏ జిల్లాదో వేరొక గడిలో లేకపోతే అంచులు ఎంత నున్నగా కోసినా ఆ గందరగోళం తీరదు.

బడిలో కంప్యూటరు ఉన్న ఉపాధ్యాయుడు దీనిని ఒక గంటలో చేయించవచ్చును. పట్టికలో ఒక గడిలో 'కోసిగి', రెండవ దానిలో చివర ఖాళీతో 'కోసిగి', మూడవ దానిలో 'కోస్గి', నాలుగవ దానిలో 'కోస్‌గి' రాయించి, పొడవు చెప్పే ఆజ్ఞతో కొలిపిస్తే 6, 7, 6, 7 అని వస్తుంది. రెండవదానికీ నాలుగవదానికీ ఏడే. ఏ ఏడవ సంఖ్యను తీయాలి, దేనిని ఉంచాలి అన్నది పిల్లలనే చెప్పమనాలి. అయిదవ గడిలో 'స్టేషన్‌లో' అని రాయించి 'లో'ను చెరిపించాలి. మిగిలినదాని పొడవు కొలిచి, 8204ను కత్తిరించి, మళ్ళీ కొలిచి, దాని చివర యంత్రం చేతనే 'లో'ను కలిపించాలి. ఈసారి వచ్చేది 'స్టేషన్లో'. పేరును సరిపోల్చడానికి తీసిన గుర్తు వాక్యంలో కలిపేటప్పుడు మళ్ళీ అవసరమైనది. దానిని కత్తిరింపులో మిగిల్చి దాచుకొనరాదు. కలిపే ప్రోగ్రామే పొల్లును చూచి అక్కడ 8204 పెట్టుకొనవలెను.